వెట్టా? డ్రైయా?

వెట్ గ్రైండర్ తడిగా ఉండదు. కడిగి, తుడిచి, నెల రోజులు మూలన పెట్టినా దాని పేరు వెట్ గ్రైండరే. వెట్ సిగ్నేచర్ సంగతీ అంతే. అమెరికా వీసా కాగితాలతో కుస్తీ పట్టినవాళ్ళకి ఈ మాట బాగా పరిచయం. "వెట్ సిగ్నేచర్ కావాలి" అంటే పెన్నుతో కాగితం మీద పెట్టిన సంతకం కావాలని. 2020 మార్చిలో కోవిడ్ వల్ల అమెరికా ఇమిగ్రేషన్ శాఖ ఆ సంతకం స్కాన్ కాపీ పంపినా చాలంది. అంటే సిరా ఎప్పుడో ఆరిపోయి, స్కానర్‌లో దూరి పిక్సెల్స్ అయిపోయినా అది "తడి సంతకమే" అన్నమాట :)

విమానాన్ని పైలట్లతో, సిబ్బందితో, మెయింటెనెన్స్‌తో, ఇన్సూరెన్స్‌తో కలిపి అద్దెకిస్తే వెట్ లీజ్. ఉత్త విమానం ఇస్తే డ్రై లీజ్. డ్రై డే నాడు కుండపోతగా వాన పడొచ్చు. డ్రై రన్‌లో ఎవరూ పరిగెత్తరు.

నవ్వులాటకి చెప్పుకున్నా ఇందులో ఒక విషయం ఉంది. ఈ వాడుకల్లో ఎక్కడా ఎవరూ తేమ కొలవడం లేదు. వెట్ అనే మాట ఒంటరిగా ఉండదు, పక్కన డ్రై ఉండాల్సిందే. ఎవరో ఒకరు మధ్యలో గీత గీస్తారు. అటువైపుకి ఒక ధర, ఇటువైపుకి ఇంకో ధర. మన భాషలో చెప్పాలంటే అదొక బూలియన్ ఫ్లాగ్. గత రెండొందల ఏళ్ళ చరిత్రలో ఈ ఫ్లాగ్ ప్రభుత్వాలను నిలబెట్టింది, పడగొట్టింది, మన తాతల ఆస్తుల లెక్కలు తేల్చింది. ఆ కథే ఇది.

ముందు మాట పుట్టుక రెండు ముక్కల్లో. వెట్, వాటర్ రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయి. మన సంస్కృత "ఉదకం", రష్యన్ "వోడా" కూడా ఆ వేరు చుట్టాలే. వోడాకి ముద్దు పేరు వోడ్కా. ఐరిష్ భాషలో నీళ్ళకున్న మాటలోంచే విస్కీ వచ్చింది. కాబట్టి అమెరికావాళ్ళు మందుబాబుల పక్షానికి వెట్ అని పేరు పెట్టడంలో భాషాశాస్త్రపరంగా కొంత న్యాయం ఉన్నట్టే.

అమెరికా గీత

మద్యనిషేధం కావాలన్నవాళ్ళు డ్రైలు, వద్దన్నవాళ్ళు వెట్లు. 19వ శతాబ్దం నుంచీ అమెరికా రాజకీయాల్లో ఈ రెండు మాటలూ పార్టీల పేర్లలాగే చెలామణి అయ్యాయి. 1919 జనవరిలో 18వ రాజ్యాంగ సవరణకు ఆమోదం వచ్చింది, 1920 జనవరి నుంచి దేశం మొత్తం డ్రై. కానీ సవరణలో "మత్తు కలిగించే పానీయాలు" అని ఉందే గానీ, ఎంత ఉంటే మత్తు అన్నది లేదు. ఆ గీత గీసింది వోల్‌స్టెడ్ చట్టం. 0.5 శాతం ఆల్కహాల్ గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే మత్తు పదార్థమే అంది. బీరూ వైనూ జోలికి రారులే అని సారా నిషేధానికి తల ఊపినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళందరికీ ఆ దశాంశం దగ్గర దిమ్మ తిరిగింది.

1928 అధ్యక్ష ఎన్నికల్లో ఆల్ స్మిత్ వెట్, హూవర్ డ్రై. స్మిత్ ఓడిపోయాడు. కానీ ఓటు వేసేటప్పుడు డ్రై, ఇంటికెళ్ళాక వెట్ అనే జాతి అక్కడ బాగా పెరిగింది. జార్జ్ కాసిడీ అనే ఆయన ఏళ్ళ తరబడి పార్లమెంటు భవనంలోనే సభ్యులకు సీసాలు సరఫరా చేశాడు. 1930లో ఆ భాగోతం వాషింగ్టన్ పోస్ట్‌లో తనే రాసుకున్నాడు.

ఇంతలో మాంద్యం వచ్చింది, ఖజానాకి పన్నులు కావాల్సి వచ్చాయి. 1933 మార్చిలో, రాజ్యాంగ సవరణ ఇంకా అమల్లో ఉండగానే, 3.2 శాతం బీరు "మత్తు కలిగించేది కాదు" అని కొత్త చట్టం చేశారు. బీరు మారలేదు, తాగేవాడూ మారలేదు. ఒక కాన్‌స్టంట్ విలువ మారింది, అంతే. అదే ఏడాది డిసెంబరు 5న 21వ సవరణతో నిషేధమే పోయింది. కానీ ఏ ఊరు వెట్, ఏ ఊరు డ్రై అన్న నిర్ణయం కింది స్థాయికి దిగింది. జాక్ డేనియల్స్ విస్కీ తయారయ్యే టెనెసీలోని మూర్ కౌంటీ ఆ తర్వాత కూడా డ్రై కౌంటీగానే ఉండిపోయింది. తయారు చెయ్యొచ్చు, ఊళ్ళో బార్ మాత్రం పెట్టకూడదు!

మన దగ్గరి గీత

ఈ వెట్, డ్రై భాష మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. 1937 అక్టోబరు 1న రాజాజీ సేలం జిల్లాని డ్రై చేశారు. 1938లో చిత్తూరు, కడప జిల్లాల వంతు వచ్చింది. సారా ఆదాయం పోతే ఆ కన్నం ఎలా పూడ్చాలి? 1939లో మద్రాసు ప్రభుత్వం సేల్స్ టాక్స్ తెచ్చింది. ఇవాళ మనం బిల్లు మీద జీఎస్టీ చూసి నిట్టూరుస్తాం గానీ, ఆ పన్నుకి మన ప్రాంతంలో ఒక పూర్వీకుడు మద్యనిషేధం ఇంట్లోనే పుట్టాడు.

తర్వాతి కథ మనవాళ్ళకి తెలిసిందే. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవ మీదే అవిశ్వాస తీర్మానంలో పడిపోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం హామీతో గెలిచారు, 1995 జనవరిలో చట్టం వచ్చింది. 1997లో ఆదాయం చాలక అది సడలిపోయింది. దూబగుంట ఆడవాళ్ళకి డ్రై అంటే మొగుడి కూలి డబ్బు ఇంటికి రావడం. ఖజానాకి డ్రై అంటే బడ్జెట్‌లో బొక్క. ఒకే ఫ్లాగ్, ఇద్దరు యూజర్లు.

నీటితో, మందుతో ఏ సంబంధమూ లేని వెట్ ఒకటి బ్రిటన్‌లో ఉంది. అక్కడి స్కూలు పిల్లల యాసలో వెట్ అంటే మెతక వెధవ. 1979లో ప్రధాని అయిన థాచర్, తన పొదుపు విధానాలకు గునిసిన సొంత పార్టీ మంత్రులని ఆ మాటతోనే కొట్టింది. ఇయాన్ గిల్మర్, జిమ్ ప్రయర్, ఫ్రాన్సిస్ పిమ్ లాంటివాళ్ళు వెట్లు, ఆమె పక్షం డ్రైలు. 1981 సెప్టెంబరులో గిల్మర్‌ని తీసేశారు, ప్రయర్‌ని ఉత్తర ఐర్లాండ్‌కి పంపేశారు. నిరుద్యోగం గురించి వాళ్ళు చెప్పిన అభ్యంతరాలకి జవాబివ్వడం కన్నా పేరు పెట్టేయడం తేలిక. ఫ్లాగ్ పెట్టేస్తే వాదన అక్కర్లేదు.

కరణం గారి కాలమ్

ఇక అసలు కథకి వద్దాం. వెట్ అనే మాట మన తెలుగువాళ్ళ బతుకుల్లోకి అన్నిటికన్నా లోతుగా దిగింది మందు వల్ల కాదు, భూమి వల్ల.

నీళ్ళున్న నేల, వాన మీద బతికే నేల అన్న తేడా ఇంగ్లీషువాళ్ళు కనిపెట్టింది కాదు. మనకి మాగాణి, మెట్ట ఉన్నాయి. తమిళ జిల్లాల్లో నంజై, పుంజై. నైజాం రికార్డుల్లో తరి, ఖుష్కి. పారసీలో తర్ అంటే తడి, ఖుష్క్ అంటే ఎండు. తెలంగాణ పహాణీల్లో ఈ మాటలు చూసినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. రైతువారీ పద్ధతిలో కంపెనీ దొరలు, తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం చేసింది ఏమిటంటే, ప్రతి పొలానికీ సర్వే నంబరు ఇచ్చి, పక్కన ఒక గడిలో వెట్ అనో డ్రై అనో రాసి, దాన్ని బట్టి శిస్తు కట్టడం. వెట్ అయితే శిస్తులోనే నీటి ఖరీదు కలిసి ఉంటుంది, కాబట్టి ఎక్కువ. డ్రై అయితే తక్కువ. డ్రై భూమికి ప్రభుత్వ కాలవ నీళ్ళు వాడుకుంటే విడిగా వసూలు చెయ్యడానికి 1865లో మద్రాసులో ఇరిగేషన్ సెస్ చట్టం తెచ్చారు.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ ఆనకట్ట 1855కి అయింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నేల నిజంగానే తడిసింది, జనం కాటన్ దొరకి దణ్ణం పెట్టుకున్నారు. పెట్టుకోవాల్సిందే. కానీ రాయలసీమలో, మెట్ట తాలూకాల్లో వెట్ అంటే కాలవ కాదు, చెరువు. చెరువు పూడిపోతుంది, గండి పడుతుంది, వరసగా మూడేళ్ళు వాన రాదు. గడిలో మాత్రం వెట్ వెట్‌గానే ఉంటుంది. నీళ్ళు రాక పంట ఎండితే జమాబందీలో రెమిషన్ అడగొచ్చు. అడగాలి అంటే కరణం రాయాలి, పైవాళ్ళు తనిఖీ చెయ్యాలి. శాశ్వతంగా డ్రైలోకి మార్పించుకోవాలంటే ఇంకా పెద్ద తతంగం. మనకి తెలిసిన మాటల్లో ఇది క్యాష్ చేసిన విలువ. అసలు డేటా పొలంలో ఉంది, కాపీ పుస్తకంలో ఉంది. పొలం ఎండిపోయినా పుస్తకం దానంతటదే ఎండదు.

ఇక్కడ రైతు భాష ఎంత నాజూకైందో చూడండి. తేమ, చెమ్మ, నెమ్ము, ఊట, జవుకు, బురద, ఇన్ని ఉన్నాయి. దుక్కికి సరిపడా తడి ఉంటే పదును అంటారు. ఒకరోజు ముందు దున్నితే అడుసు, రెండు రోజులు ఆగితే పెళ్ళలు. పంటకి ఎన్ని సార్లు నీళ్ళు పెట్టాలో "రెండు తడులు, మూడు తడులు" అని లెక్క. రైతుకి తడి ఒక కొలత, రోజూ మారేది. రిజిస్టర్‌కి తడి ఒక జాతి, పుట్టుకతో వచ్చేది.

రెండు విలువలు చాలవని సర్కారుకి కూడా అర్థమైంది. 1967లో నాగార్జునసాగర్ కాలవల్లోకి నీళ్ళు వదిలారు. ఆయకట్టులో ఏ నేలకి వరి, ఏ నేలకి తక్కువ నీళ్ళ పంట అని ముందే విడగొట్టారు. దానికి లోకలైజేషన్ అని పేరు (మన సాఫ్ట్‌వేర్ లోకలైజేషన్ కాదు లెండి). అక్కడ మూడో విలువ కనిపిస్తుంది: ఇరిగేటెడ్ డ్రై. తడిపిన పొడి! తెలుగులో చక్కగా ఆరుతడి అన్నారు. కానీ కాలవ మొదట్లో ఉన్నవాడు గట్టు పక్కన నీళ్ళు పారుతుంటే వేరుశెనగ వేసి కూర్చుంటాడా? వరి వేశాడు. చివరి భూములవాడికి కాగితం మీద నీళ్ళు వచ్చాయి, బోదెలోకి రాలేదు. టెయిల్ ఎండ్ రైతు గొడవ అని పేపర్లలో చదివేది ఇదే.

ఇప్పటిదాకా వెట్ అని రాస్తే ఖర్చు అని కదా చెప్పుకున్నాం. 1973లో అది ఇంకా ఖరీదైంది. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం వచ్చి, 1975 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఐదుగురి కుటుంబానికి సీలింగ్: వెట్ అయితే నేల తరగతిని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, డ్రై అయితే 35 నుంచి 54 ఎకరాలు. ఒకసారి ఆలోచించండి. 30 ఎకరాల ఆసామి పొలమంతా డ్రై అని ఉంటే ఒక్క సెంటు కూడా పోదు. అదే మంచి డెల్టా వెట్ అని ఉంటే 20 ఎకరాలు మిగులు భూమి కింద వెళ్ళాలి. భూమిలేని కూలీకి ఆ మిగులు దక్కుతుందా లేదా అన్నది కూడా ఆ గడిలోనే ఉంది. గడి రాసే కలం ఊళ్ళో ఎవరి చేతిలో ఉండేదో, ఆ కలంతో ఎవరికి చుట్టరికమో విడిగా చెప్పక్కర్లేదు. కరణాల వ్యవస్థని 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసింది. రాతలు మాత్రం ఉండిపోయాయి.

తర్వాత గాలి తిరిగింది. భూమి పండించేదిగా కన్నా అమ్మేదిగా, సర్కారు తీసుకునేదిగా మారింది. ఇప్పుడు వెట్ అని ఉంటేనే లాభం. 2015లో అమరావతి భూసమీకరణే చూడండి. పట్టా భూమి ఎకరా ఇస్తే మెట్టకి 1000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. నది పక్కన మూడు పంటలు పండే జరీబుకి అదే 1000, వాణిజ్య స్థలం 450. కౌలు మెట్టకి ఏడాదికి ఎకరాకి 30 వేలు, జరీబుకి 50 వేలు. ఏ సర్వే నంబరు జరీబు, ఏది కాదు అన్నది అక్కడ మామూలు ప్రశ్న కాదు, ఒక కుటుంబం మొత్తం భవిష్యత్తు. తాత శిస్తు తగ్గడానికి డ్రై రాయించుకుని ఉంటే, మనవడు ఆ రాత వల్లే 200 గజాలు పోగొట్టుకుంటాడు. తాత అబద్ధం రాయించాడో, అప్పట్లో నిజంగానే ఎండు నేలో పుస్తకం చెప్పదు.

కలిపి రాస్తే ఒకటి, విడదీస్తే ఒకటి

రెవెన్యూ భాషలో వెట్ ల్యాండ్ అంటే వరి పొలం. పర్యావరణ భాషలో రెండు మాటలూ కలిపేస్తే వెట్‌ల్యాండ్, చిత్తడి నేల. 1971లో ఇరాన్‌లోని రామ్‌సార్‌లో దేశాలు కూర్చుని ఒప్పందం చేసుకున్నాక ఈ రెండో మాటకి చట్టబద్ధమైన గౌరవం వచ్చింది. మొదటిదాన్ని దున్నాలి, రెండోదాన్ని ముట్టుకోకూడదు.

కొల్లేరులో ఈ రెండూ ఢీకొన్నాయి. 1999లో +5 కాంటూరు దాకా అభయారణ్యం అని ప్రకటించారు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. కానీ అప్పటికే సరస్సు నిండా చేపల చెరువులు, గట్లు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ గట్లు కొట్టారు. విచిత్రం ఏమిటంటే చేపల చెరువులో ఏడాది పొడుగునా నీళ్ళుంటాయి. తడి లెక్కన చూస్తే అది సరస్సు కన్నా తడి! కానీ చిత్తడి నేల పని తడిగా ఉండటం ఒక్కటే కాదు. బుడమేరు, తమ్మిలేరు వరద వస్తే పరుచుకోవడం, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదలడం, వేసవిలో తగ్గి పక్షులకి ఒడ్డు ఇవ్వడం. గట్టు కట్టిన నీళ్ళు ఈ పని చెయ్యవు. అయితే ఆ గట్ల మీద బతికిన చిన్న రైతుకీ, లంక గ్రామాలవాళ్ళకీ ఆ గీత పొట్ట మీద గీత. కాంటూరు +3కి దించమని 2008లో అసెంబ్లీ తీర్మానం చేసిందీ అందుకే. +5 అయినా +3 అయినా నీళ్ళకి అంకెలు తెలియవు. వానొస్తే ఎక్కడిదాకా రావాలో అక్కడిదాకా వస్తాయి.

చివరగా, మన వృత్తి ధర్మం

1999లో వచ్చిన ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్ పుస్తకంలో హంట్, థామస్ మనకి డ్రై అనే సూత్రం ఇచ్చారు. డోంట్ రిపీట్ యువర్‌సెల్ఫ్. ఒక విషయం సిస్టమ్‌లో ఒక్కచోటే ఉండాలని. దానికి పోటీగా ఎవరో వెట్ పుట్టించారు: రైట్ ఎవ్రీథింగ్ ట్వైస్. జోకే అయినా, రెండుచోట్ల రాసిన సమాచారం ఒకనాటికి ఒకదానితో ఒకటి కలవదు అన్న మాట మాత్రం మన భూముల చరిత్ర మొత్తానికి సరిపోతుంది. పొలం ఒకటి చెబుతుంది, పుస్తకం ఒకటి చెబుతుంది, కోర్టు పుస్తకాన్నే అడుగుతుంది.

కంప్యూటర్లు వచ్చాక ఇది బాగుపడుతుందనుకున్నాం. మీభూమి వచ్చింది, ధరణి వచ్చింది, ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. స్క్రీన్ మారింది గానీ, గొడవొస్తే మళ్ళీ పాత ఆర్‌ఎస్‌ఆర్ తియ్యాలి, 1954-55 ఖాస్రా పహాణీ తియ్యాలి. డేటా మైగ్రేషన్ అంటే పాత విలువని కొత్త టేబుల్‌లోకి తేవడమే గానీ, పొలం గట్టు మీదకి వెళ్ళి చూడటం కాదు కదా.

నా అభిప్రాయం ఇంతే. గీతలు లేకుండా పాలన నడవదు, 0.5 అయినా +5 అయినా ఏదో ఒకచోట గియ్యాల్సిందే. కానీ గీసినవాడు ఎవరు, ఏ ఏడాది గీశాడు, మళ్ళీ ఎప్పుడు సరిచూస్తారు అన్న మూడు కాలమ్స్ ఆ ఫ్లాగ్ పక్కన ఉండాలి. మామూలు టేబుల్‌లో కూడా మనం టైమ్‌స్టాంప్, అప్‌డేటెడ్ బై లేకుండా రివ్యూ పాస్ చెయ్యం. మనుషుల అన్నం ఆధారపడిన టేబుల్‌కి ఆపాటి మర్యాద ఇవ్వొద్దూ?

మనలో సగం మంది హైదరాబాదులోనో, విజయవాడలోనో ఈఎంఐ కట్టేవాళ్ళమే. 2020 అక్టోబరు వానలకి హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడలో కాగితాల్లో నిక్షేపంగా పొడిగా ఉన్న ఇళ్ళల్లోకి నడుముల్లోతు నీళ్ళు వచ్చాయి. రేపు ఫ్లాట్ కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లతో పాటు ఆ ఊళ్ళో ఒక ముసలాయన్ని పట్టుకుని "తాతా, ఇక్కడ వానాకాలం నీళ్ళు ఎక్కడిదాకా వచ్చేవి?" అని అడగండి. ఆయన వెట్, డ్రై అని చెప్పడు. చేత్తో చూపిస్తాడు.